చెనిక్కాయకు పద్దు లేదు

ఆస్పత్రి మంచం కాడికే వచ్చినాడొకడు,
తెల్లచొక్కా, చంకలో తోలుసంచి.
"వేలిముద్ర ఎయ్యక్కా, పది లక్షలకు నాది పూచీ" అన్యాడు.
ఏ వేలితో సామీ?
కుడి బొటనవేలు కట్టులో ఉండాది,
కట్టు లోపల ఎంత మిగిలిందో డాక్టరే చెప్పలేదు.
ఖాళీ కాగితాలు ఖాళీగానే ఎనక్కి పోయినాయి.
ఆ వారంలో నా అదృష్టం అదొక్కటే.

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లకు జిప్పులు ఏసేదాన్ని,
జిప్పుకు రెండు రూపాయలు.
కళ్యాణదుర్గం రోడ్డులో లారీ మా ఆటోను గీరుకుంటా పోయింది.
చెయ్యి కమ్మీ పట్టుకోని ఉన్నింది,
కమ్మీ వంగింది, చెయ్యి కూడా వంగింది.

పక్క మిషను షంషాదు అనంతపురానికి తోడొచ్చింది.
కోర్టు ఎదురుగా జిరాక్సు అంగడి, దానిమీద ఇరుకు మెట్లు,
పైన వన్నూరప్ప వకీలు.
లక్షల మాటే ఎత్తలేదు ఆయప్ప.
లారీ నంబరు అడిగినాడు, ఎఫ్ఐఆర్ నకలు అడిగినాడు,
మందుల చీటీలు తడిసినవైనా సరే తెమ్మన్యాడు.
తన ఫీజు కాగితం మీద రాసిచ్చి
"సదివించుకోని రా, రేపు పెడుదువు సంతకం" అన్యాడు.
మెట్లు దిగుతా షంషాదు గొణిగింది:
"తొందరపెట్టని వకీలంటే
పని తెలిసినోడన్నా కావల్ల, పని లేనోడన్నా కావల్ల."

అప్పుడు మొదలైంది లెక్క.
నెలకు ఎంత సంపాదిస్తావు? రుజువేది?
ఓనరు సాక్ష్యానికి రానన్యాడు.
"హంపక్క ఎవురు?" అన్యాడంట,
పదకొండేండ్లు నాకు బోనసు బదులు దీపావళి డబ్బా ఇచ్చిన మనిషి.
చెయ్యి ముప్పై శాతం పోయిందని బోర్డు డాక్టరు,
ఒళ్లంతా కలిపి చూస్తే పన్నెండేనని ఇన్సూరెన్సోళ్లు.
"కుట్టేదానికి చెయ్యే ఒళ్లు" అన్యాడు వన్నూరప్ప.
ఆ ఒక్క మాటను ఇంగ్లీషులో మూడు పేజీలు చేసినాడు.

వయసు ముప్పై ఎనిమిది గదా, పదైదుతో గుణించల్లంట.
అంటే ఇంకా పదైదేండ్లేనా నేనుండేది?
"లెక్కకు అంతే హంపక్కా. నువ్వుండు, ఎవురొద్దన్యారు."

ఇంట్లో ఒక నోటుబుక్కుంది, పాప రెండో తరగతిది.
ఎనకపక్క పేజీల్లో దినానికిన్ని జిప్పులని గీతలు,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
ఆఖరి పేజీలో డెబ్బై రెండు గీతలు,
తర్వాత తెల్లగా.
"ఇది కేసు కోసం నిన్న గీసింది కాదా?"
బోనులో నన్నడిగినాడు అవతలి వకీలు.
పెన్ను ఇమ్మన్యా. కుడిచేతిలో పెట్టుకుంటే
నేలమీద పడి దొర్లింది, ఆయన బూటు కాడికి.
"నిన్న గీయగలిగితే ఈడికెందుకొస్తా సామీ?"
జడ్జమ్మ తలెత్తలేదు,
పేజీలు మాత్రం ఒక్కొక్కటే తిప్పింది, అన్నీ.

నాలుగేండ్లకు తీర్పొచ్చింది.
నొప్పికొక పద్దు, ఆటో బాడుగలకొక పద్దు,
పాలకు గుడ్లకొక పద్దు, నాకు తలదువ్విన మా చెల్లెలికొక పద్దు.
సగం దుడ్డు మూడేండ్లు బ్యాంకులోనే ఉండల్లంట.
వన్నూరప్ప కాగితం మీద రాసినంతే తీసుకున్యాడు,
రసీదు ఇచ్చినాడు. నేను కూడబలుక్కోని సదివినా.

బస్టాండులో కాల్చిన చెనిక్కాయలు కొనింది షంషాదు.
ఒకప్పుడు బొటనవేలితో నొక్కితే టప్పుమనేది,
గింజలు అరచేతిలోకి వాటంతటవే దూకేవి.
ఆరు పేజీల తీర్పులో దానికి పద్దు లేదు.
అడగాలని నాకే తోచలేదు.
షంషాదు ఒలిచిస్తాంటే వద్దన్యా.
ఎడమచెయ్యి నేర్చుకుంటాండాది,
మూడు కాయలకు ఒకటి పగులుతాది.
"ముప్పై మూడు శాతం" అనింది షంషాదు,
నోటినిండా గింజలు పెట్టుకోని.